లేవని చెయ్యి

భూమేశ్‌కు లీవు పాసైందన్న మెసేజ్ గురువారం సాయంత్రం ఐదింటికి వచ్చింది.

పెళ్లయిన ఇరవయ్యో రోజునే విమానమెక్కినవాడు. ఏడు నెలల తర్వాత సింధూజను చూడబోతున్నాడు. ప్రయాణం సోమవారం. డ్యూటీ బూట్లు విప్పకుండానే మంచమెక్కి గంతులేశాడు.

"దిగప్పా! మంచం ఇరిగితే పెండ్లాం కాడికి కాదు, ఆస్పత్రికి పోతావు" అన్నాడు జిలాని. అతనిది కడప.

మస్కట్‌లో, హమ్రియాలోని ఆ రూమ్‌లో ఉండేది నలుగురు. హల్వా డబ్బా తెరిచారు. గణపతి ఫోన్‌లో వీడియో పెట్టాడు.

రెండేళ్ల కిందట, గణపతి, భూమేశ్‌ల జిల్లాలో ఎలక్షన్ల నాటి గొడవ. మళ్లీ ఎలక్షన్లు వస్తున్నాయని వారం నుంచి గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. కిందపడ్డ మనిషి మీద ఇంకొకడు బోర్లా పడుకున్నాడు. చుట్టూ కర్రలు. పైవాడి ముఖం మీద ఎవరో నవ్వే బొమ్మ అతికించి, వెనక డీజే పాట కలిపారు.

భూమేశ్ దాన్నే స్టేటస్‌గా పెట్టుకున్నాడు కూడా.

"దెబ్బ దెబ్బకు ఎట్ల ఎగురుతుండో సూడు!" అన్నాడు గణపతి.

"ఆ మాత్రం కొట్టకుంటే అది రాజకీయం ఎట్లయితాది?" అన్నాడు జిలాని.

మూల మంచం మీద ఇస్తారి బ్యాగు సర్దుకుంటున్నాడు. వచ్చి మూడు నెలలు. ఆ పాట మోగితే చాలు, బయట మెట్ల మీదికి పోయి ఒక్కడే కూర్చుంటాడు.

"ఏందన్నా, నెత్తురు జూస్తే కండ్లు తిరుగుతయా?" అన్నాడు భూమేశ్.

"కింద పడ్డోన్ని జూసి నవ్వకుండ్రి తమ్మీ."

"పిరికోడు!"

అందరూ నవ్వారు.

ఇస్తారి ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. సైట్‌లో ఏదైనా కుడిచేత్తోనే అందిస్తాడు. పనిదొంగ అని ఫోర్‌మన్ మజహర్ చెవిన వేసింది భూమేశే. దాంతో సలాలాకు బదిలీ. పన్నెండు గంటల దూరం. ఊరవతల గోదాముకు ఒంటరి కాపలా.

కింద వ్యాన్ హారన్ మోగింది.

ఇస్తారి ఒక సాంబ్రాణి పొట్లం తెచ్చి భూమేశ్ చేతిలో పెట్టాడు.

"మరదలికియ్యి. మీ పెండ్లికి నేనేం పెట్టలే గదా."

భూమేశ్ తల దించుకున్నాడు. "అన్నా, ఫోర్‌మన్‌తోని నేనే..."

"నాకెరుకే. నువ్వు అబద్ధం జెప్పలే. చెయ్యి లేస్తలేదు."

ఇస్తారి బ్యాగు అందుకుని దిగిపోయాడు. సాగనంపడానికి మెట్ల దాకా కూడా ఎవరూ వెళ్లలేదు.

కాసేపటికి సింధూజ ఫోన్ చేసింది. లీవు సంగతి చెప్పబోతుంటే ఆపేసింది.

"ముందు ఆ స్టేటస్ తీసెయ్యుండ్రి."

"నవ్వులాటకు పెట్టిన గదా."

"పూర్తి వీడియో పంపిన. అది సూసినంక నవ్వుండ్రి."

ఇందులో బొమ్మ లేదు, పాట లేదు. ఒకే రంగు కండువాలతో ఇరవై మంది. అందరి చేతుల్లో కర్రలు. ముందున్న మనిషి కర్ర ఎత్తాడు. కిందపడ్డవాడు రెండు చేతులూ జోడించాడు. ఎత్తిన కర్ర ఆగిపోయింది. ఆ మనిషి కర్ర పారేశాడు, కండువా పారేశాడు, కిందివాడి మీద అడ్డంగా పడిపోయాడు.

"ఆపుండ్రి, సస్తడు!"

సొంతవాళ్ల కర్రలే అతని మీద పడ్డాయి. ఒకటి ఎడమ భుజం మీద. పాట లేదు కనుక ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. నొప్పికి అతను ముఖం ఇటు తిప్పాడు.

"సొంత పార్టోళ్లు ద్రోహి అన్నరు. కింద పడి బతికినాయన పార్టోళ్లు, ఈడు గూడ కొట్టనీకి వచ్చినోడే గదా అన్నరు. ఊర్ల ఉండనియ్యలేదు" అంది లైన్‌లోనే ఉన్న సింధూజ. "ఏ దేశం వోయిండో ఏమో!"

భూమేశ్ ఫోన్ పెట్టేశాడు. మూల మంచం మీద పరుపు చుట్టి ఉంది. డబ్బాలో నాలుగో వాటా హల్వా అలాగే ఉంది.

"రేపు రువి బజార్లో అత్తరు కొనాలంటివే, ఎన్నింటికి పోదాం?" అన్నాడు జిలాని.

"అత్తరు తర్వాత సూద్దామన్నా." భూమేశ్ హల్వా డబ్బాకు మూత పెట్టాడు. "రేపు పొద్దుగాల సలాలా బస్సెక్కుతున్న... ఆ నవ్వే బొమ్మ కింద ఉన్నది మన ఇస్తారన్న."