పంతొమ్మిది రోజుల ఊరు

“మొదటి రోజు పొద్దున పదకొండు చోట్లు, మధ్యాహ్నం ఆరు. ఇది విహారయాత్రా సాకేత్, సర్వదర్శనం క్యూనా?” అంటూ వాసవి భర్త లాప్‌టాప్ మూసేసింది.

“మనకున్నవి మూడు రోజులే కదా. వేస్ట్ చేయకూడదని,” అంటూ సాకేత్ దాన్ని మళ్లీ తెరిచాడు.

మూడు రోజులే. కెనడాలో, హాలిఫాక్స్ ఆస్పత్రిలో రెండేళ్లు ఒళ్లు హూనం చేసుకుంటే నర్సు వాసవికి ఓ వారం సెలవు దొరికింది. అందులో లండన్‌లో చిన్నాన్న కూతురి పెళ్లి పోగా మిగిలినవి అవి. అక్కణ్ణుంచి మధ్యధరా సముద్రం ఒడ్డుకి వెళ్లి, వెచ్చటి ఎండలో ఊరికే కూర్చోవాలని ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది. హాలిఫాక్స్‌లో లేని సముద్రమా అంటే, ఇక్కడి సముద్రం మే నెలలో కూడా కాలు పెడితే కొరికేస్తుంది.

సాకేత్ బార్సిలోనా అంటున్నాడు. ఆమె మనసు ఒప్పడం లేదు. టికెట్ రేటు సాయంత్రం ఆరింటి వరకే ఉంటుంది. ఇప్పుడు నాలుగున్నరయింది. అందుకే ఫెర్రీ ఎక్కి, హార్బర్‌కి అవతలి ఒడ్డునున్న రాఘవయ్య గారింటికి పరుగెత్తుకొచ్చారు. ఆయన వయసులో ఉండగా ఓడల మీద ఇంజనీరుగా సగం ప్రపంచం తిరిగినవారు.

“జెనోవా వెళ్లండమ్మా,” అన్నారు రాఘవయ్య గారు తడుముకోకుండా.

“ఇటలీలోనా? మీరు చూశారా అంకుల్?”

“చూశారా అని మెల్లిగా అడుగుతావేమిటమ్మా,” అన్నారు ఆయన భార్య పద్మిని గారు, కారప్పూస పళ్లెం ముందు పెడుతూ. “నలభై ఏళ్లుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నారు.”

“అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు,” అన్నారాయన. “మర్నాడే బయల్దేరాల్సిన ఓడ. మా వంటవాడికి ఆటలమ్మ పోసింది. దాంతో పంతొమ్మిది రోజులు ఆగిపోయాం. అదృష్టం.”

“దురదృష్టం కాదా అంకుల్?”

“ఆ ఊరిని చూస్తే ఆ మాట అనవు.”

పాత క్యాలెండర్ కాగితం తిరగేసి ఆయన బొమ్మ గీయడం మొదలుపెట్టారు. ఎడమవైపు లైట్‌హౌస్. మధ్యలో చర్చి గుమ్మటం. దాని చుట్టూ కొండ వాలు పొడుగునా, బొమ్మల కొలువులో మెట్ల మీద సర్దినట్టు, ఒకదాని వెనక ఒకటి రంగురంగుల మేడలు. డెబ్బై దాటిన చెయ్యి ఎక్కడా తడబడలేదు. కాగితం అడుగు భాగమంతా సముద్రానికి వదిలేశారు.

“పొద్దున ఏడుకి ఎండ మొదట ఈ గులాబి రంగు గోడ మీద పడుతుంది. తొమ్మిదికి ఇక్కడికి దిగుతుంది. సాయంత్రం అన్ని కిటికీల అద్దాలూ ఒకేసారి వెలుగుతాయి. గంటలు ముందు ఈ చర్చిలో మోగుతాయి, తర్వాత అదిగో ఆ పైదాంట్లో. రెండింటికీ అర నిమిషం తేడా.”

వాసవి కారప్పూస చేతిలోనే పట్టుకుని వింటోంది. ఒక ఊరిని ఇంత ప్రేమగా చూసిన మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు. ఫోటోలు తీసుకొచ్చేవాళ్లని ఎందరినో చూసింది గానీ, ఎండ ఏ గోడ మీద ఎప్పుడు పడుతుందో గుర్తుపెట్టుకొచ్చినవాళ్లెవరు?

“వీధుల పేర్లు చెప్పండి అంకుల్, మ్యాప్‌లో పిన్ చేస్తా,” అన్నాడు సాకేత్.

“పేర్లు చదువుతూ తిరిగితే ఊరెప్పుడు చూస్తావు బాబూ?”

సాకేత్‌కి చురుక్కుమంది. “పోనీ, ఏం తినాలి అక్కడ?”

“కొండ మీంచి గాలి తిరిగినప్పుడు రొట్టె కాల్చే వాసన వస్తుంది. ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకుని అక్కడ తినండి.”

అంతే. బార్సిలోనా జాబితా గాలికి పోయింది. ఆరు కాకముందే సాకేత్ జెనోవాకి టికెట్లు బుక్ చేసేశాడు. వాసవి లేచి వెళ్లి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టినంత పని చేసింది.

“మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదా అంకుల్?”

“ఆ వైపు ఓడ దొరకలేదు. తర్వాత ఇక్కడి పోర్టులో ఉద్యోగం, పిల్లల చదువులు. తీరిక దొరికేసరికి గుండె ఆపరేషన్. ఇక దూర ప్రయాణాలు వద్దన్నారు.” ఆయన బొమ్మని ఆమె వైపు తిప్పారు. “నాకొక్క పని చేసిపెట్టాలమ్మా.”

గుమ్మటం కిందుగా ఒక మేడ చుట్టూ సున్నా చుట్టారు. “పసుపు రంగు మేడ. పైన డాబా. ఒకావిడ రోజూ పొద్దున్నే ఎర్ర దుప్పట్లు ఆరేసేది. నన్ను చూసి చెయ్యి ఊపేది.”

సాకేత్ భయం భయంగా పద్మిని గారి వైపు చూశాడు.

“కంగారుపడకు బాబూ, నాకు పాత సవతే,” అన్నారావిడ నవ్వుతూ. “చెయ్యి ఊపిందో, దుప్పటి దులిపిందో ఆ భగవంతుడికే తెలియాలి.”

“ఊపింది,” అన్నారు రాఘవయ్య గారు గట్టిగా. “మేం బయల్దేరిన రోజున రెండు చేతులూ ఊపింది.” గొంతు తగ్గించారు. “ఇప్పుడు ఆవిడ ఉండకపోవచ్చు. ఇల్లుంటే చాలు. ఆ డాబా ఎక్కి సముద్రం వైపు చూడు. అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుందో వచ్చి నాకు చెప్పు.”

వాసవి కాగితం దగ్గరికి జరిగింది. పెన్ను తీసుకుంది. “తప్పకుండా చెబుతా. ఆవిడ పేరేమిటి?”

“తెలీదు.”

“ఆ ఇంటికి ఏ సందులోంచి వెళ్లాలి?”

ఆయన తల అడ్డంగా ఊపారు.

“అన్ని రోజులుండి ఒక్కసారైనా వెళ్లి పలకరించలేదా అంకుల్?”

రాఘవయ్య గారు ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుని, కాగితం అడుగున ఖాళీగా వదిలేసిన సముద్రంలో చిన్న ఓడ గీశారు.

“మమ్మల్ని ఓడ దిగనివ్వలేదమ్మా.”