పై స్వరం

పాట మూడో చరణంలో ఉండగా ఆర్గన్ మళ్ళీ తప్పు పలికింది.

సోలో అక్క పాడటం ఆపేసి వెనక్కి తిరిగింది. గాయక బృందం ఊపిరి బిగబట్టింది.

"మాస్టారూ, మళ్ళీనా?"

"వేలు జారిందమ్మా," అన్నారు ఆర్గన్ మాస్టారు. "ఇంకోసారి అందుకుందాం."

"జారేది మీ వేలే. పోయేది మాత్రం నా పరువు!"

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, చేతులు ఒళ్ళో దాచుకున్నారు.

చర్చిలో ఆవిడని అందరూ సోలో అక్క అనే పిలుస్తారు. ఇరవయ్యో ఏట అందుకున్న ఆ పాట ఇప్పటికీ ఆవిడ సొత్తే. చివరి చరణంలో రాగం పైకి, ఇంకా పైకి పోయి ఒక స్వరం దగ్గర నిలబడుతుంది. అక్కడ వినేవాళ్ళు తెలియకుండానే కళ్ళు మూసుకుంటారు.

ఇప్పుడామెకి మనవరాలుంది. మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు.

"వయసు నా మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది," అని ఆవిడే చెప్పుకునేది.

మాస్టారిని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఆర్గన్ గోడ వైపు ఉంటుంది కాబట్టి, అందరికీ తెలిసింది ఆయన వీపు. ఆయన వాయిస్తుంటే ఆర్గన్ వినిపించేది కాదు, పాట వినిపించేది.

చర్చి వార్షికోత్సవం దగ్గరపడుతోందనగా సోలో అక్క పాస్టరుగారి గదికి వెళ్ళింది.

"ఆయన్ని ఇక దించెయ్యండి అయ్యగారూ. వచ్చే పెద్దల ముందు నవ్వులపాలవుతాం."

"పెద్దాయన. మనసు కష్టపెట్టుకుంటాడేమో."

"నాలుగు మంచి మాటలు చెప్పి గౌరవంగానే పంపిద్దాం."

మాస్టారు ఎదురు చెప్పలేదు. ఒక్కటే అడిగారు.

"కొత్తగా వచ్చేవారికి ఆ ఒక్క పాట నేను దగ్గరుండి చూపిస్తాను."

"మీ తప్పులు ఆయనక్కూడా అంటించడానికా? వద్దులెండి," అంది సోలో అక్క.

ఆయన తలూపి, ఆర్గన్ మూత వేసి, దాన్ని ఒకసారి అరచేత్తో తుడిచి వెళ్ళిపోయారు.

వార్షికోత్సవం రాకముందే మాస్టారు పోయారు. సమాధి దగ్గర సోలో అక్కే ముందు నిలబడి, వాద్యమేదీ లేకుండా ఓ చిన్న గీతం పాడింది.

కొత్త ఆర్గనిస్టు సంగీత కళాశాలలో చదివినవాడు. మొదటి రోజు ప్రాక్టీసులో ఆయన వేళ్ళు నీళ్ళలా పారాయి. సోలో అక్క మురిసిపోయింది.

చివరి చరణం వచ్చింది. పై స్వరం దగ్గర ఆవిడ గొంతు చీలి, ఆగిపోయింది.

"శ్రుతి ఎందుకు పెంచావు బాబూ?"

"పెంచలేదండీ. పాటల పుస్తకంలో ఉన్నదే."

"నాకే చెబుతున్నావా? ఈ పాట పాడుతూనే ముసలిదాన్నయ్యాను!"

"ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికెవరో," అన్నాడు వెనక వరసలోంచి, కంచు అని అందరూ పిలిచే లావు గొంతాయన.

ఎవరూ నవ్వలేదు.

కొత్తాయన ఒక మెట్టు దించి వాయించాడు. అందలేదు. ఇంకొకటి దించాడు. ఊహూఁ. మరొకటి దించాక ఆవిడ గొంతు ఇంటికొచ్చినట్టు హాయిగా వచ్చి కూర్చుంది.

ఈసారి తడబడింది కొత్తాయన వేళ్ళు. సరిగ్గా మూడో చరణంలోనే.

"ఇక్కడ ఎటు పోయినా నల్ల మెట్లేనండీ," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "వేళ్ళు ముడిపడిపోతున్నాయి. ఈ శ్రుతిలో ఇన్నాళ్ళూ దీన్ని వాయించినాయన మామూలు మనిషి కాదు."

సోలో అక్క పుస్తకం మూసేసి, ఎవరితోనూ మాట్లాడకుండా మాస్టారి ఇంటికి నడిచింది.

ఆయన భార్య వరండాలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"పిన్నిగారూ, మాస్టారు నాకోసం శ్రుతి దించేవారా?"

"ఇప్పుడు తెలిసిందా?" ఆవిడ గొంతులో కోపం లేదు. "నీ గొంతు కాస్త బరువెక్కినప్పుడల్లా ఒక మెట్టు. అలా దించినప్పుడల్లా పాటంతా వేళ్ళకి మళ్ళీ కొత్తగా నేర్పుకోవాలి. అసలే కీళ్ళనొప్పుల వేళ్ళాయె. కాసేపు వేడినీళ్ళలో ముంచడం, కాసేపు భోజనాల బల్ల మీద వాయించడం."

"నాతో ఒక్క మాటైనా అనలేదే!"

"తెలిస్తే నువ్వు పాడటం మానేస్తావని భయం. నేనే కసిరేదాన్ని. ఆ అమ్మాయి పేరు కోసం మీరు మాట పడటమేమిటని."

సోలో అక్క వరండా మెట్టు మీద కూర్చుంది.

"మీరన్నదే నిజం పిన్నిగారూ. ఎవరు కట్టారో పుస్తకంలో పేరైనా లేని పాట. నేను కాకపోతే ఇంకో పిల్ల పాడేది. దానికోసం ఆయన ఇంత..."

మడతపెడుతున్న చొక్కా పెద్దావిడ చేతిలో ఆగిపోయింది.

"ఇంకో పిల్ల ఎలా పాడుతుందమ్మా, నువ్వు బృందంలో చేరిన రోజు నీ గొంతు విని ఇంటికొచ్చి, వడ్డించిన అన్నం చల్లారిపోతున్నా లేవకుండా ఆయన కట్టిన పాట అది."