సాక్సుల బంతి

"చెయ్యి చెవి దాటాలి తల్లీ. ఎడమ కాలు ముందుకెయ్యి. ఆఁ, ఇప్పుడు విసురు!"

ట్రుగనీనా పార్కులో ఆ గొంతు విని హరిప్రియ ఫోన్‌లోంచి తలెత్తింది.

ఎవరో పెద్దావిడ, సాక్సులు చుట్టి చేసిన బంతితో హరిప్రియ నాలుగేళ్ల కూతురు అక్షరని ఆడిస్తోంది.

మండుటెండలో ఆవిడ నెత్తిన ఆ ఉన్నిటోపీ ఏమిటో!

అక్షరకి బంతి విసరడం రాదు. విసిరితే కాళ్ల దగ్గరే పడుతుంది. పిల్లలెవరూ ఆటకి పిలవరు. ఆ బెంగతోనే హరిప్రియ క్లినిక్‌లో పేరు రాయించి, ఈ పరాయి దేశంలో తెలుగు వచ్చిన థెరపిస్ట్ కోసం నెలల తరబడి ఎదురుచూస్తోంది.

"శ్యామసుందరి గారు సెలవులో ఉన్నారు" అంటారు క్లినిక్‌వాళ్లు ఎప్పుడడిగినా.

ఈసారి బంతి కాస్త దూరం వెళ్లింది.

"అబ్బో, ఎంత బాగా వేశావే బంగారం! ఇంటికి తీసుకెళ్లి ఆడుకో" అంది పెద్దావిడ.

సాయంత్రానికి అక్షరకి ఒళ్లు కాలిపోయింది.

హరిప్రియ ఉప్పుతో దిష్టి తీసి, బంతిని చెత్తడబ్బాలో పడేసింది.

"వైరల్ ఫీవర్‌కి ఆవిడేం చేసింది?" అన్నాడు భర్త వివేక్.

"నువ్వూరుకో. ఎవరో తొడుక్కున్న సాక్సులు మన పిల్లకివ్వడమేంటి?"

మళ్లీ పార్కుకెళ్లిన రోజున ఆవిడే ఎదురొచ్చింది. చేతిలో ఇంకో బంతి.

"పాప కనబడట్లేదేమా అనుకున్నానమ్మా. నేను ఇలాంటి పిల్లలకి..."

"వద్దాంటీ! మీ కన్ను పడ్డ రోజే దానికి జ్వరం. ప్లీజ్, మా పాప దగ్గరికి రాకండి."

ఒక్క మాట పూర్తిగా చెప్పనిస్తేగా!

ఆవిడ మొహం చిన్నబోయింది.

"అలాగేనమ్మా. చెయ్యి చెవి దాటాలని మాత్రం చెబుతూ ఉండు" అనేసి వెళ్లిపోయింది.

మళ్లీ కనిపించలేదు. హమ్మయ్య అనుకుంది హరిప్రియ.

అక్షర మాత్రం తన సాక్సులే చుట్టుకుని రోజూ గోడకేసి విసురుతూనే ఉంది.

చలికాలంలో క్లినిక్ నుంచి పిలుపొచ్చింది. హరిప్రియ అక్షరని తీసుకుని వెళ్లింది.

"సారీ అండీ. శ్యామసుందరి గారు పోయిన నెల క్యాన్సర్‌తో పోయారు. నేను శ్రీదివ్యని. ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నా. పాపని నేను చూస్తాను" అంది అక్కడున్న అమ్మాయి.

"అయ్యో! ఆవిడ కోసమే ఇన్నాళ్లూ ఆగాం. మాకంత అదృష్టం ఎక్కడిది!"

శ్రీదివ్య అక్షర చేతికి మెత్తటి బంతి ఇచ్చింది.

ఎడమ కాలు ముందుకి పడింది. చెయ్యి చెవి దాటింది. బంతి గది ఆ చివరికి వెళ్లింది.

"వావ్! ఎవరు నేర్పారమ్మా?"

"దట్ ఆంటీ!" అక్షర గోడవైపు వేలు చూపించింది.

హరిప్రియ తలెత్తింది.

కింద శ్యామసుందరి అని పేరున్న ఫోటోలో, ఉన్నిటోపీ పెట్టుకుని, పార్కులో కనిపించిన పెద్దావిడే నవ్వుతోంది.