గోదాములో పచ్చి గోడ

నిజాంసాగర్ కట్టే రోజుల్లో పడవల మోకులు, గొలుసులు, తెడ్లు దాచడానికి ఎల్లారెడ్డి దగ్గర ఒక రాతి గోదాము కట్టారు. ఆనకట్ట పూర్తయ్యాక దానికి తాళం పడింది. పదేళ్ల తర్వాత అందులో ధాన్యం పోయాలనుకుని, కొలతలు తీయడానికి తాపీమేస్త్రీ అబ్రాహామును పంపారు. తాడు పట్టడానికి భార్య మరియ కూడా వెళ్లింది.

గోడల మందం తీసేసినా పొడవు బయట నలభై మూరలుంది. లోపల ముప్పై ఆరే వచ్చింది. పొద్దుగూకాక మరియ కందీలు వెలిగిస్తే మళ్లీ కొలిచాడు. ముప్పై ఆరే.

"నాలుగు మూరలు యాడికి పోయినయి?" అంటూ అబ్రాహాము వెనక గోడను తడిమాడు. రాళ్ల మధ్య సున్నం వేలికి అంటింది. "మరియా, ఇది ఇంకా పచ్చిగనే ఉన్నది."

"పదేండ్ల గోడ పచ్చిగెట్లుంటది? పా, ఇంటికి పోదాం."

అతను వినలేదు. గడ్డపారతో ఒక రాయి ఊడదీసి, అవతల ఏముందో చూద్దామని ఆ సందులో భుజం దాకా చెయ్యి పెట్టాడు.

కూలీ మేస్త్రీకి అందించినట్టుగా, ఎవరో మెల్లగా అతని అరచేతిలో సున్నం ముద్ద పెట్టారు.

"ఏమైంది? గట్ల నిలవడ్డవేంది?" అంది మరియ.

అబ్రాహాము చెయ్యి లాక్కుని, ఆమె రెక్క పట్టుకుని బయటికి ఉరికాడు. తలుపుకు తాళం వేశాడు.

తెల్లవారి ఊరివాళ్లను వెంటబెట్టుకుని వచ్చి ఆ తాళం తనే తీశాడు. గోడలో రాయి తన చోట కూర్చుని ఉంది. చుట్టూ తడి సున్నం నున్నగా తీర్చి ఉంది.

"గోడెనక ఉన్నోడే మళ్ల పెట్టుకున్నడేమో," అన్నారెవరో.

అబ్రాహాము ఆ పూత మీద తాపీ లాగిన జాడను వేలితో తడిమాడు.

"కాదు," అన్నాడు. "పూసినోడు ఇవతల నిలవడి పూసిండు."