తొమ్మిదో నంబరు మద్దిచెట్టు

"జర ఆగు తిరుపతయ్యా. ఒక్క దెబ్బ పడితె మళ్ల అతికియ్యలేం," అంది రోహిణి.

ఫారెస్టు వాచర్ తిరుపతయ్య ఎత్తిన గొడ్డలి దించాడు. పొద్దుటి నుంచి ఇలా దించడం ఇది మూడోసారి. రంపం మోసుకొచ్చిన మనుషులిద్దరూ ఇక ఇది తెమిలే పని కాదని బీడీలు ముట్టించారు.

"గిట్ల ఆపుకుంట కూసుంటె పొద్దుగూకుతది మేడం. చెట్టుకు రోగమొచ్చిందని కాయితం రాసిచ్చింది మీరే గద?"

నిజమే, రాసిచ్చింది తనే. అందుకే ఆమెకు రాత్రి నిద్ర పట్టలేదు.

బల్మూర్ దాటి అడవి మొదలయ్యే చోట ఇరవై మద్దిచెట్లకు నంబర్లు వేసి, ఒక్కో చెట్టు కింద నాలుగు కర్రలు పాతి, రాలే ఆకు పట్టడానికి వల లాంటి జాలి కట్టింది రోహిణి. పుట్టింది గద్వాలలో, చదువు హైదరాబాదులో. నెలకోసారి బస్సు దిగి వచ్చి, జాలీల్లో పడిన ఆకు ఏరి, తూచి, రాసుకుని పోతుంది. రెండేళ్లుగా వానలు మొహం చాటేశాయి. ఎండలు ముదురుతున్నాయి. చెట్లు దాన్ని ఎలా తట్టుకుంటున్నాయో రాలిన ఆకే చెబుతుందని ఆమె పరిశోధన.

పందొమ్మిది చెట్లు బుద్ధిగానే ఉన్నాయి. మద్ది ఆకు రాల్చేది మాఘం దాటాక. ఈ తొమ్మిదో నంబరుకు మాత్రం ఏం పుట్టిందో, దసరా నుంచే మొదలుపెట్టింది. మిగతా జాలీల్లో గుప్పెడు ఆకు దొరికితే గొప్ప. దీని జాలి పొంగి కింద పోస్తోంది.

మొన్న ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే ప్రొఫెసర్ గారు రెండో మాటకు చోటివ్వలేదు.

"వేరు కుళ్లు అయ్యుంటుంది. మిగతావాటికి అంటకముందే కొట్టించు."

"పైన కొమ్మలు పచ్చగానే ఉన్నాయి సార్."

"నీ కళ్లను కాదమ్మా, తూకాన్ని నమ్ము."

తూకం వేసింది తను. కాటా తనది. ఇంకెవరితో పోట్లాడుతుంది? ఈ చెట్టు నీడనే సద్ది విప్పింది, ఈ మొదలుకే ఆనుకుని కునుకు తీసింది. ఇప్పుడు దాని మీదికి గొడ్డలి తానే తెచ్చింది.

"ఆఖరుసారి జాలి చూస్కుంట. గంతే," అని వంగి గుప్పెడు ఆకు తీసింది.

తూచే పని లేదు కాబట్టి కాబోలు, ఆమె ఈ రోజు ఆకును తీరిగ్గా చూసింది. తొడిమ కొస చూసి ఆగిపోయింది. ఇంకోటి తీసింది. ఇంకో పది తీసింది.

"తిరుపతయ్యా, ఇటు రా. చెట్టు తనంతట తాను రాల్చిన ఆకుకు తొడిమ కొస నున్నగ ఉంటది. ఇవి చూడు, పీచులు లేసినయి."

"అంటే?"

"అంటే ఇవి రాలినయి గావు. తెంపినయి. ఎవరో తెంపి తెచ్చి జాల్ల పోస్తుండ్రు. చెట్టుకు ఏ రోగం లేదు."

అనేశాక గానీ ఆ మాట ఆమెకే పూర్తిగా ఎక్కలేదు. చెట్టు మొదట్లో కూలబడింది. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెంటినీ ఆపుకోలేదు.

తిరుపతయ్య గొడ్డలి అవతలికి విసిరేశాడు. "బతికిపోయినం మేడం. నాకు గూడ కొట్టబుద్ధి కాలే," అన్నాడు. అంతలోనే అతనిలో వాచర్ మేలుకున్నాడు. "గని ఎవడో కావాలనే చేసిండు. రోగమని రాయిస్తె సర్కారోళ్లే కొట్టిస్తరు, దుంగ అగ్గువకు దొర్కుతదనుకున్నడు. లేకుంటె మీ మీద పగవట్టిండు. దొర్కనీ, ఠాణాల కూసోవెడ్త."

"నా మీద పగ ఎవరికుంటది ఈడ?"

"గదే తెల్వదు."

పక్కనున్న పల్లిచేను భీమమ్మది. పంట చేతికొచ్చినప్పటి నుంచి, వచ్చినప్పుడల్లా రోహిణి సంచిలో దోసెడు పల్లికాయలు పోస్తే గానీ బస్సెక్కనివ్వదు ఆ ముసలమ్మ. ఆమెనడిగితే ఇటు వచ్చేపోయేవాళ్ల ఆచూకీ తెలుస్తుందని రోహిణి లేవబోయింది.

లేవనక్కర్లేకపోయింది. గట్టు దిగి భీమమ్మే వస్తోంది, నెత్తిన గంపతో. చెట్టు మొదలు అడ్డం కాబట్టి వీళ్లను చూడలేదు. తిన్నగా జాలి దగ్గరికి నడిచి గంప దించి, అందులోని ఎండిన మద్దాకును జాలిలోకి కుమ్మరించింది. ఒక్క ఆకూ కింద పడకుండా రెండు చేతులతో సర్దింది కూడా.

"అవ్వా, ఇదంతా నువ్వు పోస్తున్నవా?"

భీమమ్మ ఉలిక్కిపడి, ఆ తర్వాత బోసి నోటితో నవ్వింది.

"నువ్వు ఎల్లుండి గద బిడ్డా వొచ్చేది? అప్పటికి నింపుదమనుకున్న. వేరే ఆకు గల్సితె నీకు ఏరుకునే తిప్పలని, మా గట్టు మద్దిదే తెంపి ఎండవెట్టి తెస్తున్న."

ఠాణా మాటెత్తిన తిరుపతయ్య, విసిరేసిన గొడ్డలి వెతుక్కుంటూ అవతలికి నడిచాడు.

"ఎందుకవ్వా?" అంది రోహిణి.

ఇంత చదివిన పిల్లకు ఇది కూడా తెలియదా అన్నట్టు చూసి, ఖాళీ గంప చంకన పెట్టుకుంది భీమమ్మ.

"ఎందుకంటవేందమ్మా? వినాయకచవితప్పుడు జాల్ల ఏం దొర్కక ఉత్త సంచి దులుపుకుంట పోయినవ్. మా చేనుదాంక వొచ్చిన ఆడబిడ్డను ఉత్త చేతులతోని ఎట్ల పంపుత?"