శుక్రవారం గేటు

"ఐస్‌క్రీం బాగోలేదని పార్కుకి రావడం మానేస్తారా ఎవరైనా?" అన్నాడు సోమరాజు కంచం ముందు కూర్చుంటూ.

"మా క్లాసులో అందరూ మానేశారు నాన్నా," అంది పెద్దకూతురు లక్ష్మిప్రసన్న. "పాత పార్కులో మెత్తగా చుట్టలు చుట్టి ఇస్తాడు. మీ దాంట్లో పుల్ల ఐసు. అదీ సగం కరిగిపోయింది."

ఆయన భార్య వీరలక్ష్మి పొయ్యి దగ్గర నుంచి వింటోంది. పొద్దున ఇడ్లీల దగ్గర మొదలైన గొడవ మధ్యాహ్నం పప్పుచారు దాకా వచ్చింది. రోడ్డుకు ఇవతల పాత పార్కు. అవతల, గల్ఫు యుద్ధం ముగిసిన రెండేళ్ళకు తెరిచిన కొత్త పార్కు. ఆ కొత్తదానికి గేటు సూపర్‌వైజరు సోమరాజు. ఈ నెలలో సెలవురోజు శుక్రవారాలైనా నిండకపోతే ఖలాస్ అని కఫీల్, వీసా ఇచ్చిన యజమాని, నిన్ననే చెప్పేశాడు. పార్కు మూస్తే వీసా పోతుంది. వీసా పోతే మనామాలోని ఈ రెండు గదుల ఇల్లూ పోతుంది, ప్రసన్న పదో తరగతి చదువూ నడిమధ్యలో ఆగిపోతుంది. ఇంత ముంచుకొస్తుంటే ఇంట్లో ఐస్‌క్రీం మీద వాదన.

"మా జెయింట్ వీలు కొత్తది. వాళ్ళది తుప్పు పట్టింది," అన్నాడు సోమరాజు.

"తుప్పు పట్టిందే బాగుంటుంది నాన్నా. కిర్రుమంటే భయమేస్తుంది," అంది చిన్నకూతురు చిట్టి.

"భయపడటానికి డబ్బులిచ్చి ఎక్కుతారా?"

"మరి దేనికి ఎక్కుతారు?"

వీరలక్ష్మికి నవ్వొచ్చింది. నవ్వితే ఆయనకు ఇంకా మండుతుందని గరిటెతో గిన్నె అంచు మీద కొట్టింది. "చాలు, తినండి. నువ్వైనా చెప్పరా మణీ. ప్రతి శుక్రవారం ఆ పాత పార్కులోనే పడి ఉంటావు. అక్కడేముందో చెప్తే మీ బావ వింటారు."

మణికుమార్ ఆమె తమ్ముడు. తుబ్లీలో వర్క్‌షాపు పనివాళ్ళ క్యాంపులో ఉంటాడు. శుక్రవారం అక్క ఇంట్లో భోంచేసి, సాయంత్రం క్యాంపు వాళ్ళతో కలిసి పాత పార్కుకి పోతాడు. అతను అన్నం కలుపుతూ తల ఎత్తలేదు.

"ఏముందక్కా. అలవాటు."

"అలవాటా?" సోమరాజు అందుకున్నాడు. "సొంత బామ్మర్దే పక్క పార్కుకి పోతుంటే బయటివాళ్ళని ఏమనాలి? మనోళ్ళకి మనోళ్ళంటే లెక్కలేదు. అదీ రోగం."

"కొంచెం చారు వెయ్యక్కా," అన్నాడు మణికుమార్.

"పాతదానికి పేరుంది. జనం పేరు వెనకాలే పోతారు. మా స్టాఫు ఎంత మర్యాదగా ఉంటారో ఒక్కడికైనా తెలుసా? గేటు దగ్గర నుంచే..."

మణికుమార్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. వీరలక్ష్మి చూసింది.

"ఏంట్రా?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే ఆ మొహం ఏంటి? గేటు అనగానే నీకేమైంది?"

"వదిలెయ్యి," అన్నాడు సోమరాజు, ఉన్నట్టుండి గొంతు తగ్గించి.

ఆ తగ్గిన గొంతు వినేసరికి వీరలక్ష్మికి ఉన్న ఓపిక కూడా పోయింది. "చెప్తావా, చెప్పవా? చెప్పకపోతే చారే కాదు, మజ్జిగ కూడా లేదు."

మణికుమార్ ఎవరివైపూ చూడకుండా చెప్పాడు. మూడు వారాల కిందట క్యాంపు నుంచి అయిదుగురు కలిసి బావ పార్కు చూద్దామని బయల్దేరారు. ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు. అతని గదిలో ఉండే అబ్బులు అత్తరు కూడా పూసుకున్నాడు. గేటు దగ్గర బావే ఉన్నాడు.

"'ఫ్యామిలీ లేకుండా శుక్రవారం ఎంట్రీ లేదు భాయ్, పక్కకి జరగండి' అన్నాడు, హిందీలో. నన్నెప్పుడూ చూడనట్టు. రోడ్డు దాటి పాత పార్కుకి పోయాం. అక్కడ మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదక్కా."

చిట్టి అప్పడం నమలడం ఆపింది.

"మేనేజరు పక్కనే నిలబడి ఉన్నాడు," అన్నాడు సోమరాజు. "ఆడమనిషి లేకుండా మగాళ్ళు గుంపుగా వస్తే పంపెయ్యమని రూలు. ఫ్యామిలీలు ఇబ్బంది పడతాయట."

"ఏ ఫ్యామిలీలండీ? మీ పార్కులో మనిషుంటే కదా ఇబ్బంది పడటానికి? వారానికి ఎంతమందిని పంపించేస్తారు అలాగ?"

సోమరాజు అన్నంలో వేలితో గీత గీశాడు. "రెండు వందలుంటారు."

"ఆ రెండు వందల మందీ రోడ్డు దాటి ఎక్కడికి పోతున్నారు?"

ఆయన అప్పడం ముక్క విరిచాడు.

"ఐస్‌క్రీమట, తుప్పట, పేరట. పొద్దుట్నుంచీ నా తల తినేశారు. వారమంతా ఎండలో మాడి, ఒక్క శుక్రవారం చొక్కా ఇస్త్రీ చేసుకునేది వాళ్ళే కదండీ. ఆ మేనేజరుకి చెప్పొచ్చుగా?"

"రూలు రాసిందే ఆయన. ఆయనకి నేనేం చెప్పను?"

"అయితే చెప్పకండి. నేను సామాన్లు సర్దడం మొదలుపెడతాను. అట్టపెట్టెలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోరా మణీ."

సోమరాజు లేచి చెయ్యి కడుక్కున్నాడు. యూనిఫాం చొక్కా తొడుక్కుని, తలుపు పక్కన కుర్చీలో కూర్చుని బూట్లు వేసుకున్నాడు. మాట పడ్డ రోజున అలిగి గంట ముందే డ్యూటీకి పోవడం ఆయనకు మామూలే. వీరలక్ష్మి అటు చూడను కూడా చూడలేదు.

"నాలుగింటికల్లా పిల్లల్ని తయారుచెయ్యి. నువ్వు కూడా రా," అన్నాడు ఆయన, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా.

"ఆ ఖాళీ పార్కులో మేం ముగ్గురం తిరిగితే నిండిపోతుందా?"

సోమరాజు బూటు తాడు బిగించాడు. "మణీ, మీ క్యాంపులో మొత్తం ఎంతమంది?"

"నలభై మంది. ఎందుకు బావా?"

"అందర్నీ తీసుకొచ్చి మీ అక్క వెనకాల నిలబెట్టు."

"మేనేజరు ఉంటాడుగా?"

"ఉండనీ," అన్నాడు సోమరాజు. "నలభై మందీ నా బామ్మర్దులేనని చెప్తాను."