గరిటె పట్టిన రెండో మనిషి

వెర్లిన్ టట్ టై కట్టుకుని కాఫీ హోటల్లోకి వచ్చాడు.

హోటల్ నడిపే లియోటా నవ్వాపుకుంది. ముసలాయన టై కట్టాడంటే రాష్ట్ర రాజధాని ఓక్లహోమా సిటీ దాకా వెళ్లి నామినేషన్ వేసొచ్చాడని అర్థం.

"మళ్లీ వేశారా పెద్దాయనా?"

"వేశానమ్మా."

"ఓడిపోవడానికి అంత దూరం పోవాలా? ఇక్కడే కూర్చో, మేమే ఓడిస్తాం," అన్నాడు మూల బల్ల దగ్గర గోధుమ రైతు డెల్బర్ట్.

హోటలంతా నవ్వింది. వెర్లిన్ కూడా నవ్వి, కాఫీలో చక్కెర కలుపుకున్నాడు.

వాషింగ్టన్ కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో, ఆ నియోజకవర్గం సీటు లియోటా తాత కాలం నుంచి ఒకే పార్టీది. మనిషి మారింది రెండుసార్లు. రెండూ అంత్యక్రియల తర్వాతే.

ఇప్పటి ప్రతినిధి గారెట్ లూమిస్‌ను ఓడించేవాడు ఇంకా పుట్టలేదు. అవతలి పార్టీ వాళ్లు పోటీకి మనిషిని వెతకడం కూడా మానేశారు. ఎదురుగా ఎవరూ నిలబడకపోతే ఆ రాష్ట్రంలో ఓటింగే ఉండదు. నామినేషన్ల గడువు అయిపోగానే ఉన్నవాడు గెలిచినట్టే.

అయినా బావులు తవ్వే పని మానేసిన దగ్గర్నుంచి వెర్లిన్ ప్రతిసారీ అవతలి పార్టీ పేరు మీద నిలబడుతున్నాడు. ప్రసంగాలు చెయ్యడు. ఇంటింటికీ తిరగడు. లూమిస్ మీద అంత కక్ష ఎందుకో ఊళ్లో ఎవరికీ తెలియదు.

"మీ ఆయనకెలా ఉంది?" అడిగాడు వెర్లిన్.

లియోటా మొహంలో నవ్వు పోయింది.

ఆమె భర్త హెర్షెల్‌కు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఊరి ఆసుపత్రిలో డయాలసిస్ గది ఉండబట్టి తిరుగుతున్నాడు. వాషింగ్టన్ నుంచి వచ్చే సాయం ఆగిపోతోందనీ, కొత్త సంవత్సరంలో ఆ గది మూసేస్తారనీ చెప్పారు. దాని తర్వాతిది మూడు గంటల దూరం. వారానికి మూడుసార్లు, చలికాలం మంచులో.

"లూమిస్ ఆఫీసుకు ఫోన్ చేసీ చేసీ వేలు అరిగిపోయింది. మీ ఫోను మాకెంతో ముఖ్యం అంటుంది మిషను."

"విందులో అడగమ్మా," అన్నాడు వెర్లిన్.

ఎన్నికలున్న ఏడు సెప్టెంబరులో కౌంటీ సంత జరిగేటప్పుడు, పెద్ద కొట్టంలో ఆ విందు. చర్చి ఆడవాళ్లు చిక్కుడు గింజలు ఉడికించి, మొక్కజొన్న రొట్టె కాలుస్తారు. వడ్డించేది మాత్రం అభ్యర్థులే. పళ్లెం చాపినవాళ్లు ఒక్క మాట అడగొచ్చు. జవాబు వచ్చేదాకా పళ్లెం వెనక్కి తియ్యరు. వరస కదలదు.

లూమిస్ గిన్నె ముందు వరస గుమ్మం దాటింది. పక్క గిన్నె దగ్గర వెర్లిన్ గరిటె పట్టుకుని ఈగలు తోలుకుంటున్నాడు.

లియోటా పళ్లెం చాపింది.

"డయాలసిస్ గది ఉంటుందా, పోతుందా?"

"మా ఆఫీసు వాళ్లు ఆ సంగతే చూస్తున్నారమ్మా."

"నేనడిగింది అది కాదు."

లూమిస్ రెండో గరిటె వేశాడు. పళ్లెం కదల్లేదు. మూడోదీ వేశాడు. గింజలు అంచు దాకా వచ్చాయి.

"అయ్యా, చెప్పెయ్యండి. ఆకలేస్తోంది," అంది వెనకాల ఎవరో ఆవిడ.

"ఆవిడ మొగుణ్ణి మంచులో చంపుతావా ఏంటయ్యా?" అన్నాడు డెల్బర్ట్.

"ఇటు రండి, ఇక్కడ ఖాళీయే," అన్నాడు వెర్లిన్ నెమ్మదిగా.

లూమిస్ అటు చూశాడు, వరస వైపు చూశాడు. గరిటె కింద పెట్టాడు.

"మూతపడదు. నా మాట."

కొట్టంలో అందరూ విన్నారు.

నవంబరులో ఎప్పటిలాగే లూమిస్ గెలిచాడు. మాట కూడా నిలబెట్టుకున్నాడు. హెర్షెల్ ఇంటి నుంచి నడిచి వెళ్లి డయాలసిస్ చేయించుకుని, వచ్చేటప్పుడు టొమాటో నారు కొనుక్కొచ్చేవాడు. లియోటా తన ఓటు లూమిస్‌కే వేసింది. సంతోషంగా వేసింది.

మరుసటి ఏడు చలికాలంలో వెర్లిన్ నిద్రలోనే పోయాడు. ఆ తర్వాత వచ్చిన నామినేషన్ల గడువు ఎవరికీ గుర్తు లేదు.

సెప్టెంబరులో జనం పళ్లాలు పట్టుకుని కొట్టం దగ్గరికి వచ్చారు. తలుపు వేసి ఉంది.

"విందేది?" అడిగాడు డెల్బర్ట్.

"ఎవరి మీద ఎవరు పోటీ? ఒక్కడే గరిటె పట్టుకుంటే అది ప్రచారం. దానికి మేం వండం," అంది చర్చి పెద్దావిడ. "అయినా లూమిస్ వస్తే కదా. గెలిచినవాడికి ఇక్కడేం పని?"

డెల్బర్ట్ ఖాళీ పళ్లెం చంకలో పెట్టుకున్నాడు.

"నా పొలం దగ్గర వంతెన సంగతి అడుగుదామనుకున్నా."

లియోటాకు అప్పుడు తట్టింది. పోస్టాఫీసు మూతపడకుండా ఆగింది ఆ గిన్నె దగ్గరే. మంచినీళ్ల పైపు వచ్చింది అక్కడే. హెర్షెల్ గదీ అక్కడే.

మర్నాడు పీచ్ పళ్లు కూరి కాల్చే 'పై' చేసుకుని వెర్లిన్ భార్య ఓపల్ ఇంటికి వెళ్లింది.

"అంత పగ పెట్టుకుని కూడా మాకింత మేలు చేశారు ఓపల్ గారూ."

"పగా?" ఓపల్ నవ్వింది. "లూమిస్ మంచివాడేనే అమ్మాయ్. కాకపోతే పిలవందే రాడు. నేను నిలబడటమే పిలుపు, అనేవాడు మా ఆయన."

లియోటా తల దించుకుంది.

"ఒక్కసారైనా ఆయనకు ఓటెయ్యాల్సింది."

"బాధపడకు. ఆయన గెలిచుంటే నాకు గుండె ఆగేది," అంటూ ఓపల్ ఆ 'పై'లో ఒక ముక్క కోసి ముందుకు జరిపింది. "పోలింగ్ దగ్గరికి నేనే కారులో తీసుకెళ్లేదాన్ని, ప్రతిసారీ లోపలికెళ్లి లూమిస్‌కే వేసొచ్చేవాడు."